కొలిమి యొద్ద వేసవి బడి
(కెల్టుల లోహవిద్యయు, దానిని నేర్పు స్వచ్ఛంద సేవకులును)

కెల్టులు అను పేరు మన పిల్లల చరిత్ర పాఠములలో అరుదుగా కనబడును. ఒకనాడు నేటి ఆస్ట్రియా మొదలు ఐర్లండు వరకు వ్యాపించి, ఒకే కుటుంబమునకు చెందిన భాషలను పలికిన పెక్కు తెగలను విద్వాంసులు ఈ పేరుతో వ్యవహరించుచున్నారు. ఆ కుటుంబమున నేడు ఐరిషు, స్కాట్లండు గేలిక్కు, వెల్షు, బ్రెటను భాషలు మిగిలియున్నవి. మాంక్సు, కార్నిషు భాషలు పలుకువారు లేక ఆగిపోగా, కొందరు పట్టుదలతో వానిని మరల పలికించుచున్నారు. ఇవి యన్నియు పెద్ద భాషల నీడలో బ్రతుకు చిన్న భాషలు. 1707లో ఎడ్వర్డు లూయిడ్ అను వేల్సు పండితుడు వీని బాంధవ్యమును ఒక గ్రంథమున నిరూపించెను. 1816లో చెన్నపట్నమున ఎల్లిసు దొర, కాంబెలు రచించిన తెలుగు వ్యాకరణపు పీఠికకు చేర్చిన వ్యాఖ్యలో, దక్షిణదేశ భాషలు ఒక కుటుంబమువని చూపిన సంగతి నెరిగిన వారికి లూయిడ్ చేసిన పని పరాయిదిగా తోచదు.

ఆ దేశములలో శీతకాలము దీర్ఘము, వేసవి క్లుప్తము. అందుచేత ఆరుబయట జరుగు ఉత్సవములు చాలవరకు మే మొదలు ఆగస్టు వరకు కుప్పపడియుండును. పాత లెక్క ప్రకారము మే మొదటి దినము బెల్టేను పండుగ. ఆగస్టు మొదటి దినము లూనస. ఈ రెండవది లూగ్ అను దేవుని పేర వెలసినది. ఐరిషు భాషలో ఆగస్టు మాసమునకు నేటికిని అదియే పేరు. ఇంగ్లండులో హాంపుషైరు మండలమున 1972లో నెలకొల్పిన బట్సరు ప్రాచీన వ్యవసాయ క్షేత్రము, వేల్సులోని కాస్టెల్ హెన్లిస్, ఐర్లండులో వెక్సుఫర్డు పట్టణము చెంతనున్న జాతీయ వారసత్వ వనము మున్నగు తావులలో, త్రవ్వకములలో బయల్పడిన పునాదుల తీరును బట్టి గడ్డికప్పు గల గుండ్రని ఇండ్లను మరల కట్టి, వేలయేండ్ల నాటి జీవనమును జనులకు చూపుచున్నారు. ఇట్టి చోట్లను, ఊరూర జరుగు వేసవి తిరునాళ్లలోను ఒక మూల కొలిమి రాజుకొనును. దాని చుట్టు పిల్లలు మూగుదురు.

ఆ కొలిమి యొద్ద తిత్తులూదువారిలో, బల్లల కడ కూర్చుండి పిల్లలచేత తీగలు పేనించువారిలో జీతము లేనివారు పెక్కురు. వారమున ఐదు దినములు వారు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, నర్సులు. శని ఆదివారములలో కంచరులు, కమ్మరులు. మన పాఠశాల నడుచుటయు ఇట్టి మనుష్యుల సాయంకాలముల మీదనే గనుక, వారి పద్ధతి తెలిసికొనుట తలిదండ్రులకు ఉపయోగపడునని తలంచి ఈ పాఠమును వ్రాయుచున్నాము. మరియొక కారణమును కలదు. వారు నేర్పునది తండ్రినుండి కొడుకునకు చేతిమీదుగా వచ్చిన విద్య కాదు. నడుమ వేయి సంవత్సరములకు పైగా తెగిపోయిన విద్య. మిగిలిన వస్తువులను చూచి, విరిగిన మూసలను చూచి, కాల్చి, చెడగొట్టి, మరల కాల్చి రాబట్టుకొన్న విద్య. తెగిన దారమును ముడివేయుట ఎంతటి కష్టమో వారి యొద్ద చూడవచ్చును.

మొదట ఆ వస్తువులను గూర్చి కొంత చెప్పవలెను. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అను ఊరు ఉప్పు గనులకు ప్రసిద్ధము. 1846లో అచ్చటి గనుల అధికారి రాంసౌవర్ అను నాతడు ఒక ప్రాచీన శ్మశానమును కనుగొని, 1863 వరకు ఇంచుమించు వేయి సమాధులను త్రవ్వి, ఒక్కొక్కదానిని బొమ్మ గీయించి భద్రపరచెను. ఇనుప కత్తులు, కంచు పాత్రలు, నగలు వెలికివచ్చెను. 1857లో స్విట్జర్లండునందలి న్యూషాటెల్ సరస్సులో నీరు తగ్గగా లా తేన్ అను చోట మరియొక రాశి బయల్పడెను. ఈ రెండు ఊళ్ల పేర్లే కెల్టుల లోహకళలోని రెండు యుగములకు పేర్లైనవి: మొదటిది సుమారు క్రీ.పూ. 800 నుండి 450 వరకు, రెండవది అచ్చటినుండి రోమకుల విజయము వరకు. రోమకులు జయింపని ఐర్లండులో ఆ కళ మరియొక రూపమున సాగి, క్రైస్తవ మఠముల కాలమున, ఎనిమిదవ శతాబ్దములో, ఆర్డా పానపాత్ర, తారా పిన్ను అనెడి అద్భుతములను కన్నది.

ఈ తారా పిన్ను కథ చెప్పకుండ ఉండలేము. శాలువను భుజము మీద నిలుపుటకు పెట్టుకొను కొక్కెమది. 1850లో మీత్ మండలమున బెట్టిస్టౌన్ సముద్రతీరమున దొరకినది. పూర్వరాజుల పీఠమైన తారా కొండకును దీనికిని సంబంధమేమియు లేదు. దీనిని కొనిన డబ్లిను నగర నగల వర్తకుడు, దీని నకళ్లను చేయించి అమ్ముటకు అనువుగా నుండునని ఆ గొప్ప పేరు తగిలించెను. పేరు నిలిచిపోయినది. నేటికిని ఆ పేరుతోనే పిలువవలసి వచ్చుచున్నది. అభిమానము, వ్యాపారము కలిసినచోట సత్యమునకు ఏమగునో చెప్పుటకు ఇంతకంటె చిన్న కథ మాకు దొరకలేదు.

ఇక కంటె. ఆంగ్లేయులు టార్కు అని పిలుచు ఆ మెడనగకు మన తెలుగులో అచ్చముగ సరిపోవు మాట కంటెయే. 1950లో ఇంగ్లండు తూర్పు భాగమున స్నెటిషామ్ గ్రామమున పొలము దున్నుచుండగా దొరకిన మహాకంటె ఇప్పుడు బ్రిటిషు మ్యూజియములో నున్నది. బంగారము, వెండి కలిసిన లోహముతో చేసినది. తూకము కిలోగ్రాము కంటె కొంచె మెక్కువ. ఎనిమిది తీగలను ఒక త్రాడుగా పేని, అట్టి త్రాళ్లు ఎనిమిదింటిని మరల పేనినారు. మొత్తము 64 తీగలు. వానిలో ఏ యొక్కటి వదులైనను మెడకట్టు వంకరపోవును. ఈ తరహా కంటెల చివర నుండు ఉబ్బు గుండ్లు పోతపోసినవని చాలకాలము పుస్తకములలో వ్రాసియుండిరి. స్కాట్లండులో దొరకిన నెదరర్డ్ కంటె మొదలగువానిని ఒక పురావస్తు పరిశోధకురాలును, ఒక లోహశిల్పియు కలిసి పరిశీలించి, నెదరర్డ్ కంటె గుండ్లు పోత కాదనియు, పలుచని బంగారు రేకును సుత్తితో కొట్టి మలచినవనియు 2018లో ప్రకటించిరి. పండితులకు కనబడని సుత్తి జాడ చేతిపని చేయువానికి కనబడినది. ఉత్సవములలో సుత్తి పట్టు స్వచ్ఛంద సేవకుడు కేవలము వినోదము కల్పించువాడు కాడనుటకు ఇది తార్కాణము.

స్కాట్లండునందు డెస్క్‌ఫర్డ్ అను చోట 1816లో, అనగా ఎల్లిసు దొర వ్యాఖ్య అచ్చైన యేటనే, నేల త్రవ్వుచుండగా అడవిపంది తలవంటి లోహపు ముఖమొకటి దొరకెను. అది కార్నిక్స్ అను యుద్ధపు బాకా యొక్క చివరి భాగము. దాని నాధారముగా గొని, పురావస్తువేత్తలు, సంగీతజ్ఞులు, ఒక వెండిపనివాడు కలిసి పూర్తి బాకాను మరల చేసి, 1993లో ఊదించిరి. సుమారు రెండువేల సంవత్సరముల తరువాత ఆ పంది నోరు తెరచినది. గాజు పెట్టెలోని వస్తువునకును, చేతిలోని వస్తువునకును గల భేదము పిల్లలకు ఒక్క ఊదులో తెలియును.

పిల్లలకు చెప్పుటకు ఇష్టపడని సంగతులును కలవు. వేల్సునకు వాయవ్యమున ఆంగ్లసీ దీవిలో ఖ్లిన్ కెరిగ్ బాక్ అను చిన్న మడుగున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, విమానాశ్రయము కట్టుటకై అచ్చటి మడుగు మట్టిని తీయుచుండగా ఒక ఇనుప గొలుసు పైకివచ్చెను. పనివారు దాని వయస్సెరుగక, బురదలో కూరుకొనిన లారీలను ట్రాక్టరుచేత లాగించుటకు దానినే తగిలించిరి. అది తెగలేదు. తరువాత అది రెండువేల యేండ్ల నాటిదని తేలెను. కమ్మరి పనితనమునకు ఇంతకు మించిన ప్రశంసాపత్రము వేరొకటి ఉండదు. అయితే ఆ గొలుసు దేనికి? మనుష్యుల మెడలకు తగిలించి, వరుసగా నడిపించుటకు. అది బానిసల గొలుసు. లారీ కథను మాత్రము చెప్పి నవ్వించి ఊరకుండు బోధకుడు సగము పాఠమే చెప్పినవాడగును. పెద్దపిల్లలకు రెండవ సగమును చెప్పవలెననియే మా మతము. పూర్వులను ప్రేమించుటకు వారిని కడిగి చూపవలసిన అవసరము లేదు.

ఇప్పుడు కొలిమి యొద్దకు వత్తము. ఉత్సవమున కంచు పోత చూచుటకే జనము వచ్చెదరు. రాగి తొమ్మిది పాళ్లు, తగరము ఒక పాలు కలిపినచో మంచి కంచగును. రాగి 1085 డిగ్రీల సెంటిగ్రేడునకు కరగును. తగరము 232 డిగ్రీలకే కరగును. కలిపిన లోహము ఇంచుమించు 1000 డిగ్రీల కడ కరగును. ఈ తగ్గిన వేడియే బొగ్గు, తిత్తి మాత్రము గల పూర్వులకు మేలైనది. నేలలో గుంట త్రవ్వి, మట్టి గొట్టమమర్చి, తోలుతిత్తులు రెండింటిని ఒకటి మార్చి ఒకటిగా నొక్కుచు గాలి విడువక పంపవలెను. మూసలోని లోహముపై బొగ్గు ముక్కలు వేసినచో గాలి సోకక, లోహము మాడక నిలుచును. రంగును బట్టి వేడి తెలియును: మొదట మసక ఎరుపు, పిదప నారింజ, ఆపైన పసుపు.

పోత పోయుట కొన్ని క్షణముల పని. లోహము కరగుటకు అరగంటయో, గంటయో పట్టును. అనుభవము లేని సేవకుడు ఈ నిరీక్షణకు భయపడి, గొంతెత్తి మాటలు పెంచును. అనుభవశాలి ఆ గంటనే పాఠముగా మార్చును. ఒక్కొక్క పిల్లవానిని తిత్తి యొద్దకు పిలిచి, ఇరువది నొక్కులు నొక్కించును. లయ తప్పగానే మంట రంగు మారును. అది పిల్లవాడే కనిపెట్టును. ఎవరును చెప్పనక్కరలేదు. లూగ్ కథను చెప్పుటకును ఇదియే అదను. లూగ్ తారా కోట వాకిలి కడకు వచ్చి లోనికి పోనిమ్మని కోరగా, నీకేమి విద్య వచ్చునని కావలివాడడిగెను. వడ్రంగమనగా మాకున్నాడనెను, కమ్మరమనగా మాకున్నాడనెను, కంచరిపని యనగా దానికిని ఉన్నాడనెను. ఇట్లు ఎన్నియో విద్యలు చెప్పి, ఇవన్నియు ఒక్కనికే వచ్చినవాడు మీలో ఉన్నాడా యని లూగ్ అడిగెను. లేడు, కావున తలుపు తెరచిరి. విద్య చెప్పినగాని వాకిలి దాటనీయని ఆ కోటను పిల్లలు ఎంతో మెచ్చుకొందురు. ఐరిషువారి పురాణములో గోయివ్నియు అను కమ్మరి దేవుడును కలడు. వారిలో మక్గోవన్ అను ఇంటిపేరునకు కమ్మరి కొడుకని యర్థము.

పోతకు అచ్చు కావలెను. తేనెమైనముతో బొమ్మచేసి, దానిపై మెత్తని బంకమట్టి పూతలు పూసి, ఆరబెట్టి, కాల్చినచో మైనము కారిపోవును. ఆ ఖాళీలో లోహము పోసి, చల్లారిన పిమ్మట మట్టిని పగులగొట్టవలెను. ప్రతి అచ్చును ఒక్క వస్తువుకే. ఇంగ్లండునందు డార్సెట్ మండలమున గసెజ్ ఆల్ సెయింట్స్ గ్రామమున 1972లో త్రవ్వగా, ఒక్క గోతిలో ఇట్టి పగిలిన అచ్చుల పెంకులు ఏడువేలకు పైగా దొరకెను. అన్నియు రథములకు, గుఱ్ఱములకు తగిలించు కంచు సామానుల అచ్చులే. వస్తువులు ఎచ్చటికో పోయినవి. పెంకులు మిగిలి, పని ఎట్లు జరిగెనో చెప్పినవి. పారవేసిన చెత్తయే పాఠ్యపుస్తకమైనది.

ఈ పద్ధతి మనవారికి క్రొత్త కాదు. మన సంస్కృత గ్రంథములలో దీనికి మధూచ్ఛిష్ట విధానమని పేరు. పన్నెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు సోమేశ్వరుని మానసోల్లాసములో దీని వివరణ కలదు. తమిళదేశమున స్వామిమలై స్థపతులు, ఒడిశాలోను ఆదిలాబాదులోను డోక్రా పనివారు నేటికిని ఈ పనిచే జీవించుచున్నారు. కెల్టుల దేశమున ఏ సేవకుడైనను పుస్తకము, పెంకు, పదిసార్లు చెడిన పోత ద్వారా నేర్చుకొనవలసిన సంగతి, ఇచ్చట ఒక పిల్లవాడు తండ్రి ప్రక్క కూర్చుండి నేర్చుకొనగలడు. మన పాఠశాల గోడలకు బస్సు దూరమున ఇట్టి యింటివా రుండగా, వారి కొలిమిని మన పిల్లలలో ఎందరు చూచిరని మమ్ము మేము ప్రశ్నించుకొనుచున్నాము.

రేకుపని మరియొక విధము. 1857లో థేమ్స్ నదిలో దొరకిన బాటర్సీ డాలు ఇందుకు మకుటాయమానము. పలుచని కంచు రేకును వెనుకనుండి కొట్టి, వంపులు తిరుగు లతలను పైకుబ్బించి, నడుమ నడుమ 27 ఎర్రని గాజు బొట్టులను అమర్చినారు. సీసము కలిసిన గాజులో రాగి చేరుటచే ఆ ఎరుపు వచ్చును. రేకును కొట్టుకొలది లోహము బిరుసెక్కి పగులుటకు సిద్ధమగును; అప్పుడు మసక ఎరుపు వచ్చునట్లు కాల్చినచో మరల మెత్తబడును. పిల్లలకు ఇచ్చట ఒక చిక్కుప్రశ్న వేయవచ్చును. ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలో ముంచినచో బిరుసెక్కును. రాగిని అట్లే చేసినచో మెత్తబడును. నీరు ఒక్కటే, నిప్పు ఒక్కటే; ఫలితము వేరు. ఎందుకు? రాగిని మెత్తపరచునది నిప్పే. నీరు ఊరక చల్లార్చును, అంతే. ఉక్కులో మాత్రము వడిగా చల్లార్చుట లోపలి అమరికనే మార్చివేయును.

ఇనుమును గూర్చి తక్కువ చెప్పెదము. 1538 డిగ్రీలకు గాని కరగని ఇనుమును వారు కరగింపనే లేదు. మట్టి కొలిమిలో రాతిని బొగ్గుతో కాల్చి, స్పంజి వంటి ముద్దను తీసి, వేడిగా నుండగనే సమ్మెటలతో మోది, చిట్టెమును వెళ్లగొట్టిరి. ఉత్సవములో ఇది తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు సాగును. చివరకు దక్కునది చేరెడు ముద్ద. దీనికి మనుష్యబలము ఎక్కువ కావలెను. ఓపిక గలవారు మాత్రమే దిగవలెను.

సేవకులకు జాగ్రత్తలు నేర్పుట అన్నిటికంటె ముఖ్యము. తడి యున్న అచ్చులో కరగిన లోహము పోసినచో ఆవిరి పుట్టి, లోహము నలుప్రక్కల చిమ్మును. కాబట్టి అచ్చును ముందుగా కాల్చి వేడిగా నుంచవలెను. సిమెంటు నేలపై పోత పోయరాదు. నేలలోని చెమ్మ పగులును. అడుగున ఎండిన ఇసుక పరచవలెను. ఇత్తడిలోను, జింకు పూసిన రేకులలోను తుత్తునాగముండును. అది పొగయై లోపలికి పోయినచో జ్వరము తెచ్చును. నైలాను బట్టలు నిప్పురవ్వకు కరగి చర్మమునకు అంటుకొనును. నూలు గాని ఉన్ని గాని ధరింపవలెను. పాదములు మూయు చెప్పులు, తోలు ముంగుడ్డ, కంటి అద్దములు తప్పవు. ప్రాచీనవేషము ధరించితిమని కంటి అద్దములు మానువాడు కొలిమి యొద్దకు రాకుండుటయే మేలు. త్రాటి గీత దాటి ప్రేక్షకులు రాకుండ ఒకరు కావలి యుండవలెను, ఆ యొకరు మరి యే పనియు చేయరాదు. పిల్లలతో తరచు పనిచేయు సేవకుల పూర్వవృత్తాంతమును తనిఖీ చేయుట అచ్చట ఆచారము, మనమును పాటింపదగినది.

చిన్నపిల్లలచేత కంచు పోయింపరు. వారికై తగరపు మిశ్రమమును చిన్న పాత్రలో కరగించి, మెత్తని రాతిలోనో, సముద్రజీవి యగు కటిల్ చేప ఎముకలోనో చెక్కిన అచ్చులో పోయించి, పతకము చేయించి ఇంటికి పంపుదురు. మంచి పనియే. అయితే ఇది ఇనుప యుగపు కెల్టుల పద్ధతి యని చెప్పరాదు. పిల్లల క్షేమమునకై ఎన్నుకొన్న మార్గమని చెప్పవలెను. ఇట్లే అల్లికల ముళ్ల నగిషీని చూపి, ఇది కెల్టుల ముడి యని అమ్ముచుందురు. లా తేన్ కాలపువారు గీసినది వంపులు, సుడులు. అల్లికల నగిషీ వందలయేండ్ల తరువాత, మఠముల కాలమున, పొరుగు జాతుల కళతో కలిసి వచ్చినది. ఇనుప యుగపు కంటె మీద అల్లిక ముడి చెక్కి చూపువాడు ఏడు శతాబ్దములను ఒక్క సుత్తి దెబ్బతో చెరపివేయుచున్నాడు. తెలియని పిల్లవాడు దానినే జీవితాంతము నమ్మును. చిన్న భాషలవారికి తమ పూర్వవైభవమును పెంచి చెప్పుకొను చాపల్యము సహజము; మాకును ఉన్నది. అందుచేతనే మంచి బోధకులు తమ మాటలలో మూడు గీతలు గీసికొందురు: ఇది త్రవ్వకములలో కనబడినది, ఇది మేము చేసి చూచితిమి, ఇది మా ఊహ.

డబ్బు మాట కూడ ఎత్తవలెను. ఈ లోహవిద్యయే జీవనోపాధిగా గల శిల్పులు ఆ దేశములలో కొందరున్నారు. ఉచితముగ చేయువారు దొరకిరని ఉత్సవ నిర్వాహకులు ఆ శిల్పులను పిలుచుట మానినచో, నాలుగేండ్లలో నేర్పువారు కరవై, సేవకులును చెదరిపోదురు. మాకు న్యాయముగ తోచు ఏర్పాటిది: కొలిమికి పెద్దదిక్కుగా నుండు శిల్పికి తగిన వేతనమీయవలెను; తిత్తి, బల్ల, త్రాటి గీత, కథ, శుభ్రత సేవకులు చూచుకొనవలెను; వారికి ప్రయాణపు ఖర్చును, భోజనమును నిర్వాహకులు చూడవలెను. సేవకులు చలికాలమంతయు ఆ శిల్పి కడ శిష్యులుగా నేర్చి, వేసవిలో నిలువవలెను. ఒక్క దినపు ప్రదర్శన వెనుక ఎన్నో సాయంకాలముల అభ్యాసముండును. ఉచితసేవ యనగా నేర్వకయే చేయు సేవ యని కొందరు తలంచుట విచారకరము.

ఇట్టి సేవకుల పట్టుదలకు స్కాట్లండులోని టే సరస్సు సాక్షి. పూర్వులు నీటిపై మ్రానులు పాతి కట్టుకొనిన క్రానగ్ అను ఇంటి నమూనా అచ్చట యుండెను. 2021 జూనులో అది నిప్పంటుకొని నిమిషములలో దగ్ధమయ్యెను. ఊరివారు, సేవకులు చేయి కలుపగా, 2024లో సరస్సు ఒడ్డుననే వేరొక తావున ఇనుప యుగపు పల్లె యొకటి తెరువబడెను. అందు లోహపు పనివారికి ప్రత్యేకముగా ఒక పాక కట్టిరి.

ఇక ఇంటి అభ్యాసము. వేసవి సెలవులలో తలిదండ్రులు పిల్లలతో కూర్చుండి చేయదగినది. ఒక మిల్లీమీటరు మందము గల రాగి తీగ, మూరెడేసి ముక్కలు నాలుగు తీసికొనవలెను. విద్యుత్తు తీగ యైనచో పైనుండు ప్లాస్టిక్కు తొడుగును ఒలిచివేయవలెనే గాని కాల్చరాదు. ఆ పొగ విషము. మొదట ఒక చిన్న ముక్కను పిల్లవాని చేతికిచ్చి, ఒకే చోట అటునిటు వంచుమనవలెను. తీగ బిరుసెక్కుట, పిదప తెగుట వాని వ్రేళ్లకే తెలియును. ఎన్ని వంపులకు తెగెనో వ్రాసికొనవలెను. ఇంకొక ముక్కను సగము వంపులకే ఆపి, పెద్దవారు పటకారుతో పట్టి, పొయ్యి మంటలో మసక ఎరుపు వచ్చువరకు కాల్చి, నీటిలో ముంచి, మరల వంపించవలెను. లెక్క ఎంత పెరిగెనో చూడవలెను.

తరువాత రెండు తీగలను జతచేసి, ఒక కొసను తలుపు గొళ్లెమునకు బిగించి, రెండవ కొసను పెన్సిలుకు చుట్టి కుడివైపునకు పేనవలెను. రెండవ జతను అట్లే చేయవలెను. ఈ రెండు త్రాళ్లను చేర్చి ఎడమవైపునకు పేనినచో పురి విడిపోక నిలుచును. నడుమ బిరుసెక్కినచో కాల్చి మెత్తపరచి మరల సాగించవలెను. కొసలను ఉంగరములుగా చుట్టి, బోర్లించిన చెంబు మీద వంచినచో కంటె యగును. చిన్నది కనుక మెడకు చాలదు, చేతికి కడియముగా సరిపోవును. కాల్చుటచే నల్లబడిన తీగను తెల్లవారు వెనిగరు, ఉప్పు కలిపి తోముదురు. మన యింట చింతపండు చాలును; కొంచెము ఉప్పు చేర్చి తోమినచో లోపలి ఎరుపు బయటపడును. పాఠశాల తెరచిన పిమ్మట ఆ కంటెలను, విరిగిన ముక్కలను, వంపుల లెక్క వ్రాసిన కాగితమును కూడ పిల్లలచేత తెప్పించవలెను. విరిగిన వానిని కూడ బల్ల మీద ప్రక్క ప్రక్కనే పెట్టుదము.